పురుడు పోస్తానన్న డాక్టరు

అప్పట్లో మేము బహ్రెయిన్‌లోని అరాద్‌లో ఉండేవాళ్లం. పెళ్లయిన చాలా ఏళ్లకు నాకు నెల తప్పింది. శుక్రవారం తెలుగు ప్రార్థన కూడికకు వచ్చే లేడీ డాక్టరుకే ఆ మాట ముందు చెప్పాను. ఆవిడదీ మా గుంటూరు వైపే. అందరం అక్కా అనేవాళ్లం.

"ఊరెందుకు చెల్లీ? పురుడు పోసేదాకా నేనున్నాగా," అంది. ఆ మాట నమ్మి, అమ్మ రమ్మన్నా పుట్టింటికి వెళ్లలేదు.

ఐదో నెల దాటాక మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. క్లినిక్‌లో అక్క నా గుండె మీద పెట్టిన స్టెతస్కోపు చాలాసేపు తియ్యలేదు. "చిన్నప్పుడు కీళ్లవాపులూ జ్వరమూ వచ్చాయా?" అనడిగింది. వచ్చాయన్నాను. ఇంకేమీ చెప్పకుండా వచ్చే వారం రమ్మంది.

వెళ్లాను. ఆవిడ గది తలుపు వేసి ఉంది. మలయాళీ నర్సు నా ముఖం చూడకుండా, "మీ కేసు డాక్టర్ తీసుకోరు. పెద్దాసుపత్రికి పొమ్మన్నారు," అంది. లోపల అక్క ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం వినిపిస్తూనే ఉంది. నా గుండెకేమైందో, అక్కడ ఎవరిని కలవాలో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేస్తే, "ఏదైనా అయితే నా మీదికి వస్తుందండీ," అని పెట్టేసిందట.

పెద్దాసుపత్రిలో బహ్రెయినీ డాక్టరమ్మ హిందీలో కోప్పడింది. "ఇన్నాళ్లూ ఎక్కడున్నావ్? చిన్నప్పటి ఆ జ్వరం వల్లే నీ గుండె కవాటం సన్నబడింది." తర్వాత మంచం పక్కన కూర్చుని, "కష్టమే. కానీ రోజూ నేను చూస్తాను," అంది. చూసింది కూడా. ఎనిమిదో నెలలో పాప పుట్టింది. ఇద్దరం బతికాం.

అక్క పండ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చింది. "నేనిక్కడికి పంపబట్టే కదమ్మా, గండం గడిచింది!"

"పంపలేదక్కా. వదిలేశావు."

తన వల్ల కాదనడం తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ మాట నా ఎదురుగా చెప్పి, పెద్దాసుపత్రికి ఒక్క ఫోన్ చేసి ఉంటే చాలు.

మా ఆయన ఆవిడను లిఫ్టు దాకా సాగనంపి వచ్చాడు. "ఊరు కాని ఊళ్లో మనవాళ్లతో గొడవెందుకు?" అన్నాడు. పాపను దగ్గరికి తీసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను.