తమ్ముడు లేవని కథ

సౌదీలోని రాబిగ్ క్యాంపులో శుక్రవారం మధ్యాహ్నాలకు ఒక వాసన ఉండేది. మెస్సులో ఉడికిన కోడికూర, తీగల మీద ఆరేసిన డ్యూటీ బట్టలు, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, అన్నీ కలిసిన వాసన. ఇప్పుడు నేను జెద్దాలో ఒక ఆసుపత్రిలో ఏసీలు చూసుకుంటున్నాను. గది మంచిది, ఒక్కడినే ఉంటాను. అయినా శుక్రవారం అన్నం తిని నడుం వాలిస్తే నిద్ర రాదు. ఆ వేళకు కథ వినడం అలవాటైపోయిన ప్రాణం.

కథ చెప్పేది మా గదిలోనే ఉండే పెయింటర్. మా జగిత్యాల వైపు మనిషే, వయసులో చాలా పెద్ద. కాకా అని పిలిచేవాడిని. వాళ్ల తాతముత్తాతలు డోలు కొట్టుకుంటూ ఊరూరా వీరుల కథలు చెప్పినవాళ్లు. ఆయన రాబిగ్‌లో రిఫైనరీ ట్యాంకులకు రంగులేసేవాడు. ఖాళీ రంగుడబ్బా బోర్లించి వేళ్లతో దరువు మొదలుపెడితే మెస్సులో ఉన్న మావాళ్లంతా దగ్గరికి జరిగేవాళ్లు. జుమ్మా నమాజు చేసుకుని వచ్చే హైదరాబాద్ బస్సు డ్రైవర్ కూడా ఓ మూల కూర్చుని, కథ ఎక్కడిదాకా వచ్చిందని పక్కవాణ్ణి అడిగేవాడు. ఊఁ కొట్టే పని నాది.

ఆ చలికాలమంతా ఒకే కథ నడిచింది. వందల ఏళ్ల కిందట మందలు మేపుకుని బతికిన అన్నదమ్ముల కథ. తమ్ముడు శత్రురాజుతో చేతులు కలిపాడని ఎవరో చెబితే అన్న నమ్మి, నలుగురిలో అవమానించి వెళ్లగొడతాడు. ఆ రాజు దండు మంద మీదికి వచ్చిననాడు ఏటిరేవులో ఒంటరిగా నిలబడింది ఆ తమ్ముడే. అన్న వచ్చేసరికి చనిపోయి ఉంటాడు.

కాకా అక్కడికి వచ్చేసరికి అందరం కళ్లు తుడుచుకున్నాం. ముందువరసలో కూర్చున్న నిర్మల్ జిల్లా వెల్డర్ మాత్రం తుడుచుకోలేదు. భారీ మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ఇక శివుడు వచ్చి తమ్ముణ్ణి లేపుతాడు కదా అని అడిగాడు. లేపడని కాకా అన్నాడు. తమ ఊరికి వచ్చే కథలవాళ్లు లేపేవాళ్లని వెల్డర్ పట్టుబట్టాడు.

"నీ నోట్లెదే గద కథ. లేపితె నీదేం బోతది?"

కాకా దరువు ఆపాడు. "లేపొచ్చు తమ్మీ. ఒక్క పాటల లేస్తడు. కని తమ్ముడు లేసి కూసుంటె అన్న జేసిన తప్పు ఉత్తదైపోతది. మా తాత లేపలే, నేను గూడ లేప."

వెల్డర్ లేచి వెళ్లిపోయాడు. కాకా ఆ రోజు కథ ముందుకు నడపలేదు.

రెండు మూడు రోజుల తర్వాత డ్యూటీకి పోయే బస్సులో వెల్డర్ నా పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తూ తనంతట తనే చెప్పుకొచ్చాడు. వాళ్ల తమ్ముడు తండ్రితో గొడవపడి వేరుపడ్డాడు. ఆ బెంగతోనే ముసలాయన పోయాడని ఎవరో అంటే ఇతను నమ్మాడు. తండ్రి పాడె మోయడానికి వచ్చిన తమ్ముణ్ణి ఊరందరి ముందు తోసేశాడు. ఆ గొడవ ఎప్పుడో తీరిపోయిందని, తమ్ముడు తెచ్చిన సద్ది పొలం గట్టు మీద తండ్రీకొడుకులిద్దరూ కలిసి తినేవాళ్లని చాలా రోజులకు తల్లి చెప్పింది. అప్పటికే వీసా వచ్చింది. ఇతను విమానం ఎక్కేశాడు.

"ఫోన్ జేస్తె ఎత్తకపోడు," అన్నాడు. "నేనే జెయ్యలే."

మళ్లీ శుక్రవారం వచ్చింది. వెల్డర్ అందరికంటే వెనక కూర్చున్నాడు. మిగిలింది చెప్పమని అడిగింది మాత్రం అతనే.

కాకా చెప్పాడు. అన్న తమ్ముని భార్య వాకిట్లోకి పోయి తల వంచుకుని నిలబడతాడు. ఆమె తిట్టదు, క్షమించానని కూడా అనదు. మంద నీళ్లకు పోయే వేళయిందని చెప్పి తన భర్త చేతికర్ర తెచ్చి ఇస్తుంది. ముసలివాడయ్యేదాకా అన్న తమ్ముడి మందను కూడా మేపుతాడు. అంతే కథ. డ్రైవర్ మెల్లగా తలూపుతూ, "సహీ బాత్ హై," అన్నాడు.

వెల్డర్ బయటికి పోయి నీళ్ల కూలర్ దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. కిటికీలోంచి మాకు అతని వీపు కనబడుతూ ఉంది. ఎంత సేపు మాట్లాడాడో గాని, వచ్చి కాకా పక్కన కూలబడ్డాడు. తప్పు నాదే అని చెప్పానన్నాడు.

"ఏమన్నడు?" కాకా అడిగాడు.

"ఇప్పుడు జెప్తె నాయిన పాడె మల్ల లేస్తదా అన్నడు. నేను ఫోన్ పెట్టెయ్యలే. ఆడు గూడ పెట్టెయ్యలే. ఆఖర్కి, పెత్రమాసకు రా, ఇద్దరం నాయిన పేరు మీద బియ్యమిద్దాం అన్నడు."

ఆ ఏడు పెద్దల అమావాస్యకు అతను సెలవు అడిగి ఇంటికి పోయాడు. తిరిగొచ్చాక ఎలా జరిగిందని అడిగితే, పక్కపక్కన కూర్చున్నామని, ఎక్కువ మాట్లాడుకోలేదని చెప్పాడు. మునుపటి అన్నదమ్ములైతే కాలేదు. కానీ వానలు పడ్డాయనో, బర్రె ఈనిందనో తమ్ముడి నుంచి అప్పుడప్పుడూ ఫోన్ వచ్చేది. అది వచ్చిన రోజు వెల్డర్ మాతో రెండు మాటలు ఎక్కువ మాట్లాడేవాడు.

తర్వాత ప్రాజెక్టు అయిపోయి ఎవరి దారి వాళ్లదైంది. కాకా ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా ఇంటికి పోయేరోజు ఆయన పెట్టె ఎవరినీ ముట్టుకోనీయకుండా వెల్డరే బస్సుదాకా మోశాడు. మొన్న నేను ఫోన్ చేస్తే కాకా పక్క ఊరికి బయల్దేరుతున్నాడు. ఎవరో దినాలకు కథ చెప్పమని పిలిచారట. గొంతు సరిగా లేవడం లేదని, అయినా పోక తప్పదని అన్నాడు.