పదకొండో నంబరు బస్సు

శ్రీదుర్గ జర్మనీలో సిటీ బస్సు నడుపుతుంది. విజయవాడ భవానీపురంలోని అత్తగారింట్లో మాత్రం ఆ మాట ఎవరి నోటా వచ్చేది కాదు. "మా కోడలు అక్కడ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేస్తోందండీ" అని అత్తగారు రామతులసి ఇరుగుపొరుగు వాళ్లకి చెప్పుకునేది. పాపం, అది ఆవిడ కల్పించిన మాట కాదు. శ్రీదుర్గ శిక్షణలో చేరిన రోజున కొడుకు సిద్ధార్థ ఫోనులో చెప్పిందే. ఈ సంగతి శ్రీదుర్గకి రెండేళ్లదాకా తెలియదు.

ఆమెది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. తండ్రి బసవయ్యకి ఆరెకరాల మాగాణి, ఒక పాత ట్రాక్టరు ఉండేవి. ఇంటర్ చదివే రోజుల్లో, డ్రైవరు జ్వరమొచ్చి రాని ఒక పూట, ధాన్యం బస్తాలేసిన ట్రాక్టరుని శ్రీదుర్గే మిల్లుకి తోలుకెళ్లింది. కరకట్ట మీద ఎదురైన ప్రతివాడూ తల తిప్పి చూశాడు. "ఆడపిల్ల చేతికి స్టీరింగిస్తావేంటి బసవయ్యా?" అని ఊళ్లో ఒకాయన మందలించబోతే, "బస్తాలు మిల్లుకి చేరినయ్యా లేదా?" అని అడిగాడు బసవయ్య. అంతటితో ఆ మాట ఆగిపోయింది. తర్వాత ఆమె ఎం.కాం. చదివింది. బెజవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చూసే ఉద్యోగం చేసింది. సిద్ధార్థని పెళ్లి చేసుకుంది. ఏడాది తిరక్కుండానే అతనికి జర్మనీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం వస్తే, ఇద్దరూ పెట్టెలు సర్దుకుని వెళ్లారు.

స్టుట్‌గార్ట్‌కి గంట ప్రయాణంలో, నెకర్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్నం అది. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారని తెలియక, మొదటి ఆదివారం మూడు పూటలా ఆవకాయన్నంతోనే సరిపెట్టుకున్నారు. ఖాళీ సీసాలని రంగుల వారీగా వీధిలో ఉన్న పెద్ద డబ్బాల్లో వేయాలి. అదీ ఆదివారం వేయకూడదు, చప్పుడవుతుంది. ఆ రెండో సంగతి తెలియని శ్రీదుర్గ ఒక ఆదివారం జాడీ అంత సీసాని డబ్బాలోకి జారవిడిస్తే, పై అంతస్తు కిటికీ తెరిచి ఒక ముసలాయన వీధంతా వినబడేలా కేకలేశాడు. వాళ్ల మేడలో ఇంకో ఆచారం ఉంది. తలుపుకి చెక్క బిళ్ల తగిలించారంటే, ఆ వారం మెట్లు ఊడ్చి తుడిచే వంతు ఆ ఇంటివాళ్లదే. సిద్ధార్థ లుంగీ ఎగ్గట్టి మెట్లు తుడుస్తుంటే వీడియో కాల్‌లో చూసిన రామతులసి, "ఒరేయ్, పనిమనిషిని పెట్టుకోలేకపోయారట్రా?" అని నెత్తి కొట్టుకుంది.

శ్రీదుర్గ భాష నేర్చుకుంటూ లెక్కల ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టింది. నలభై చోట్ల పెడితే నలభై చోట్ల నుంచీ మర్యాదగా వద్దనే జవాబులొచ్చాయి. ఒకరోజు క్లాసుకి వెళ్తూ బస్సులో డ్రైవరు వెనక అంటించిన కాగితం చూసింది. ఒక్కో మాటే కూడబలుక్కుని చదివింది. డ్రైవర్లు కావాలి, ఆడవాళ్లయినా సరే, శిక్షణ మేమే ఇస్తాం అని ఉంది. అది పూర్తిగా చదివేసరికి దిగవలసిన స్టాపు దాటిపోయింది.

ఆ సాయంత్రం చెబితే సిద్ధార్థ నవ్వాడు. ఆమె నవ్వడం లేదని చూసి ఆపేశాడు.

"నువ్వు ఎం.కాం. చదివావు దుర్గా."

"చదివాను. నలభై చోట్ల దానికి దండం పెట్టి పంపించేశారు. ఇక్కడ రమ్మంటున్నారు."

రమ్మన్నంత తేలిగ్గా ఏమీ అవలేదు. ముందు అక్కడి కారు లైసెన్సు తెచ్చుకోవాలి, ఆ తర్వాతే బస్సు. కారు పరీక్షలో, రోడ్డు దాటబోతున్న ఒక ముసలావిడని చూసి, బెజవాడ అలవాటు కొద్దీ చిన్నగా హారన్ కొట్టింది. పక్కకి జరుగమ్మా అని ఆమె ఉద్దేశం. వెనక కూర్చున్న పరీక్షాధికారి అక్కడికక్కడే బండి ఆపించి పరీక్ష అయిపోయిందన్నాడు. డ్రైవింగ్ నేర్పే క్రౌజ్ అనే పెద్దాయన తిరుగుదారిలో, "హారన్ మీద చెయ్యి వేస్తే ఈసారి చెయ్యి కట్టేస్తాను" అన్నాడు. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెండోసారి ఫీజు కట్టి గట్టెక్కింది.

బస్సు పరీక్షలన్నీ జర్మన్‌లోనే. బ్రేకుల్లో గాలి ఒత్తిడి ఎంతుండాలి, డ్రైవరు ఎన్ని గంటలకోసారి విశ్రాంతి తీసుకోవాలి, మంటలంటుకుంటే ముందు ఏ తలుపు తెరవాలి, ఇలాంటివి వందల ప్రశ్నలు. చీటీల మీద రాసి వంటింటి గోడంతా అంటించింది. దోసెలు పోస్తూ అప్పజెప్పేది. సిద్ధార్థ ప్లేటు పట్టుకుని నిలబడి జవాబులు సరిచూసేవాడు. తప్పు చెబితే దోసె ఆలస్యమయ్యేది. రాతపరీక్ష మొదటిసారి కొద్దిలో పోయింది. "పోనీలే, మానేద్దువు" అన్నాడతను. ఆమె ఇంకొన్ని చీటీలు రాసి, మంచం పక్కన గోడకి కూడా అంటించడం మొదలుపెట్టింది. ఏడాది పైన పట్టింది కానీ, చివరికి పదకొండో నంబరు రూటు ఆమె చేతికొచ్చింది. రైలు స్టేషన్ నుంచి ద్రాక్షతోటల మధ్యగా కొండెక్కి, అవతలి పేటదాకా వెళ్లే రూటు అది.

రెండో వారంలోనే ఒకడు తగిలాడు. మంచి కోటు వేసుకున్న మనిషి. మెట్టు మీద కాలు పెట్టి, ఆమెని కిందికీ మీదికీ చూసి, "ఈవిడా నడిపేది?" అని వెనకున్న వాళ్లని అడిగాడు. శ్రీదుర్గ తెరిచి ఉన్న తలుపు వైపు చెయ్యి చూపించింది.

"మీకిష్టం లేకపోతే దిగండి. తర్వాతి బస్సు నలభై నిమిషాలకి వస్తుంది. దాన్నీ నేనే నడుపుతాను."

వెనక సీట్లో ఎవరో పకపకా నవ్వారు. ఆ మనిషి ఎక్కి, చివరిదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సంవత్సరం డిసెంబరులో ఆడపడుచు సింధూరి నిశ్చితార్థానికి ఇద్దరూ విజయవాడ వచ్చారు. పక్కింటి దిల్షాద్ బేగం జాకెట్లు కుడుతుంది. మర్నాడు కొలతలు తీసుకుంటూ, "ఆఫీసులో ఏం పని తల్లీ, కూర్చుని చేసేదేనా?" అని అడిగింది.

"ఏ ఆఫీసండీ?"

"అదే, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. మీ అత్తగారు చెప్పారుగా."

శ్రీదుర్గకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. "కూర్చుని చేసేదేనండీ. బస్సు నడుపుతాను" అంది. దిల్షాద్ బేగం టేపు భుజాన వేసుకుని, "బస్సా? ఇక్కడ మన సిటీ బస్సంత బస్సా?" అని నోరు తెరిచి, ఆమె జబ్బ పట్టుకుని కండ ఉందో లేదోనని నొక్కి చూసింది.

భోజనాలయ్యాక శ్రీదుర్గ సిద్ధార్థని డాబా మీదికి పిలిచింది.

"ఆఫీసని ఎవరు చెప్పారు?"

అతను పిట్టగోడ మీద గీతలు గీస్తూ నిలబడ్డాడు. "అమ్మ బాధపడుతుందని…"

"అమ్మకి చెప్పింది నువ్వు. బాధ ఆవిడది కాదు, సిగ్గు నీది. దోసెలు తింటూ నాచేత పాఠాలు అప్పజెప్పించుకున్నప్పుడు లేని సిగ్గు ఇక్కడికొచ్చేసరికి ఎక్కణ్నించి వచ్చింది?"

ఆమె కిందికి వచ్చేసింది.

కింద రామతులసి కాచుకుని ఉంది. బస్సు సంగతి ఆవిడకీ అప్పుడే దిల్షాద్ బేగం నోట తెలిసింది, ఈలోపే అది వీధి కూడా దాటింది. "అయిందేదో అయింది. రేపు పెళ్లివారి ముందు మాత్రం ఆ మాట ఎత్తకమ్మా. వాళ్లు అసలే పట్టింపు మనుషులు. పిల్ల సంబంధం చెడితే నేను తట్టుకోలేను." ఆవిడ గొంతులో నిజంగానే భయం ఉంది. అది శ్రీదుర్గకీ తెలిసింది.

"నా అంతట నేను ఎత్తను అత్తయ్యా. అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. అది కుదరదంటే నేను రేపు ఇంట్లోనే ఉంటాను."

"వదిన రాకపోతే నేను ఉంగరం తొడిగించుకోను" అంది గదిలోంచి సింధూరి.

మర్నాడు ఫంక్షన్ హాల్లో తాంబూలాలకి ముందు అందరూ కూర్చుని ఉండగా, పెళ్లికొడుకు పెద్దమ్మ అడగనే అడిగింది. "నువ్వేం చేస్తున్నావమ్మా జర్మనీలో?"

"ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనండీ" అని అందుకుంది రామతులసి.

"బస్సు డ్రైవర్నండీ" అంది శ్రీదుర్గ.

రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. పెద్దమ్మ చీర కొంగు సర్దుకుంది. "డ్రైవరా? అంత చదివి, జర్మనీ దాకా వెళ్లి?"

"అవునండీ. రోజూ కొన్ని వందల మంది నన్ను నమ్మి ఎక్కుతారు. ఇంతవరకు ఎవరికీ గీత కూడా పడలేదు."

"మీ ఆయన జీతం చాలదా ఏంటమ్మా?"

"చాలుతుందండీ. నాకు ఇంట్లో కూర్చోవడం చాల్లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. రామతులసి తల వంచేసుకుంది. అప్పుడు సిద్ధార్థ లేచాడు. ముఖం కందిపోయి ఉంది. "ఆఫీసన్నది నేనండీ. మా అమ్మ తప్పేం లేదు, నేను చెప్పిందే ఆవిడ చెప్పింది. తను రాసిన పరీక్ష పేపరు నేను చదివాను. నాకు సగం అర్థం కాలేదు. అది చెప్పుకోవాల్సింది పోయి దాచాను." అంతవరకూ చెప్పి కూర్చున్నాడు. శ్రీదుర్గ అతని వైపు చూడలేదు. అతను అనవలసిన మాటే అన్నాడు, కానీ రెండేళ్లు ఆలస్యంగా అన్నాడు.

పెళ్లికొడుకు తండ్రి గడియారం చూసుకుని, "ముహూర్తం దాటిపోతోంది, తాంబూలాలు మార్చుకుందాం రండి" అన్నాడు. సంబంధం చెడలేదు. భోజనాల దగ్గర గుసగుసలు మాత్రం పెరుగన్నం దాకా సాగాయి. మామగారు రామకోటేశ్వరరావు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పక్క కుర్చీలో తింటూ తింటూ, "అక్కడ స్టీరింగు ఎడంపక్కనుంటుందా?" అని అడిగాడు. "అవునండీ మావయ్యగారూ" అంటే తల ఊపి, ఇంకో ముద్ద తిని, "మరి గేరు కుడిచేత్తో వెయ్యాలన్నమాట" అన్నాడు. "గేరు దానంతటదే పడుతుందండీ" అని చెబితే, తినడం ఆపి, అదెలాగో మొత్తం చెప్పించుకున్నాడు.

రామతులసి నాలుగు రోజులు కోడలితో మాట్లాడలేదు. కాఫీ మాత్రం వేళకి బల్ల మీద పెట్టేది. శ్రీదుర్గ బతిమాలనూ లేదు, ముభావంగా ఉండనూ లేదు. ఎవరడిగినా, దిల్షాద్ బేగం చుట్టాలతో సహా, వీధరుగు మీద నిలబడి తన ఉద్యోగం గురించి విడమరిచి చెప్పింది. సిద్ధార్థ పక్కనే నిలబడి, తడబడుతూనే, ఆమె మరిచిపోయినవి అందించాడు.

తిరిగి వెళ్లే రోజు అందరూ గన్నవరం విమానాశ్రయానికి వచ్చారు. లోపలికి వెళ్లే ముందు రామతులసి నోరు విప్పింది. "అక్కడ మంచు కురుస్తుందటగా. అందులోనూ నడపాలా?"

"నడపాలి అత్తయ్యా."

"మళ్లీ వచ్చేసరికైనా ఆ ఉద్యోగం మార్చుకుంటావా?"

"మార్చుకుంటున్నానండీ. రెండు బస్సులు కలిపి కుట్టినట్టుండే పొడుగు బస్సుంది, మధ్యలో వంగుతుంది. ఫిబ్రవరి నుంచి దాని శిక్షణకి పేరిచ్చాను."

రామతులసి కోడలి భుజం మీద సంచీ జారుతుంటే పైకి సర్ది, ఇక వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది.