మా బావకు దొరకని సెలవు

మొన్న మా కోడలు పాపకు జ్వరమని ఆఫీసుకు ఫోనులో చెప్పి, తన సాఫ్టువేరు పనిని తోటివాళ్లకు అప్పగించి, నిశ్చింతగా పాపను ఒళ్లో పడుకోబెట్టుకుంది. అది చూస్తే నాకు మా బావ గుర్తొచ్చాడు.

ఎనభైలలో, కంప్యూటరంటే సినిమాల్లో తప్ప చూడని రోజుల్లో, నంద్యాలలో మేము పనిచేసే నూనె మిల్లుకు ఒకటి వచ్చింది. కూలీల జీతాల లెక్కకు ప్రోగ్రాం రాసే బాధ్యత మా అక్క మొగుడికిచ్చి, సాయానికి నన్ను పెట్టారు. మిల్లు మొత్తానికి ఏసీ ఉన్నది ఆ గదికే గనుక, ఎండాకాలమంతా మేనేజరు అక్కడే కూర్చుని, యజమానికి తానొప్పుకున్న గడువును మాకు గుర్తుచేసేవాడు. పని సగమైందనుకునేసరికి షిఫ్టుల పద్ధతి మార్చి, రాసిందంతా మళ్లీ రాయించేవాడు. బావ ఎదురుచెప్పే మనిషి కాడు.

కాన్పుకని అక్క ఆళ్లగడ్డలో మా అమ్మ దగ్గరుండేది. ఒకనాటి పొద్దున, నొప్పులు మొదలైనాయి, మనిషికి బాగలేదని మిల్లుకు ఫోనొచ్చింది.

"ఒకసారి పోయొస్తా సార్," అన్నాడు బావ.

"నువ్వు పోతే ఈడ ఎవురు చూస్తారప్పా? రేపు యజమానికి చూపియ్యల్ల. అది కానిచ్చి పో."

"నేను చూసుకుంటా సార్, నాకంతా తెలుసు. నువ్వు పో బావా," అన్నాను.

"నిన్న చేరిన ఆడపిల్ల, ఈమెతో ఏమైతాది?" అని మేనేజరు నా మొగం కూడా చూడలేదు. బావ కాసేపు నిలబడి, తిరిగి కుర్చీలో కూర్చున్నాడు.

మరునాడు యజమాని వచ్చి, కాగితం మీద అచ్చవుతున్న పేర్లను వింతగా చూసి, మెచ్చుకుని వెళ్లాడు. మేమిద్దరం బస్సు దిగి ఇల్లు చేరేసరికి, బిడ్డను పూడ్చివచ్చిన మగవాళ్లు వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నారు. బావ మంచం పక్కన కూర్చుంటే, గోడవైపు తిరిగి పడుకున్న అక్క తల తిప్పకుండానే, "పని అయిపాయనా?" అని మాత్రం అడిగింది. అది నిష్ఠూరమో, నిజంగా అడిగిందో నాకీనాటికీ తెలియదు.

బావ మళ్లీ మిల్లు గడప తొక్కలేదు. ఆళ్లగడ్డలోనే పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతికాడు. వాళ్లకు మరి సంతానం కలగలేదు. ఆ ప్రోగ్రామును ఏళ్లపాటు నేనొక్కదాన్నే నడిపాను; ఆ మేనేజరే అందరిముందూ నన్ను పొగుడుతుంటే ఏడుపు తన్నుకొచ్చేది.

మన తరానికి పని నేర్పినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఇక చాల్లే, ఇంటికి పో అని చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు అలా చెప్పేవాళ్లు కొందరైనా కనిపిస్తున్నారు. వినడానికి మా బావ లేడు.