అరచేతిలో ఒక రాష్ట్రం

ఒక్క పార్ట్ టైమ్ జాబ్ కోసం మా స్టూడెంట్లే బారులు తీరి నిలబడే రోజులవి. హామిల్టన్ బస్సులో నా పక్కన పోలండ్ పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడట. ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అన్నాను. కెనడాలో మా తెలుగువాళ్ళు ఏ ఊరివాళ్ళయినా చెప్పేది అదే.

"మీది?" అన్నాను.

ఆయన ఎడమ అరచెయ్యి చాపాడు. వేళ్ళ మొదళ్ళు చూపించి, "ఇవి కొండలు, అవతల చెక్ దేశం" అన్నాడు. అరచేతి మధ్యలో వేలు పెట్టి, "ఇది మా రాష్ట్ర రాజధాని. కింద అంతా బొగ్గు. నేనిటు వచ్చాక గనులు మూసేశారు. మా తమ్ముడు కొండపక్కన దొంగచాటుగా గుంతలు తవ్వి బొగ్గు అమ్ముకునేవాడు. ఓరోజు గుంత కూలి అందులోనే పోయాడు. తర్వాత ప్రభుత్వం రాష్ట్రాలు తగ్గించి, మాది పక్కదాంట్లో కలిపేసింది. ఇప్పుడు ఎవరడిగినా నేనూ అక్కడి పెద్ద నగరం పేరే చెప్తాను."

అప్పుడు చెప్పాను, మాది బెల్లంపల్లి అని. "మావీ బొగ్గుబాయిలే. మూతపడ్డాయి. జిల్లా కూడా ముక్కలయింది."

"వెనక్కి వెళ్తావా?"

"అక్కడ పని లేదు."

"ఇక్కడ?"

ఒళ్ళోని రెజ్యూమేల ఫైలు మూశాను.

"మీది చూపించు" అన్నాడు.

అరచెయ్యి చాపి గోదావరి గీశాను. బాయిల దగ్గర వేలు ఆగిపోయింది. ఆయన చూసి, నా వేళ్ళు ఒక్కొక్కటే మూసేసి, తన స్టాపులో దిగిపోయాడు.

ఇప్పటికీ ఎవరైనా అడిగితే హైదరాబాదనే అంటాను. అన్నప్పుడల్లా ఎడమచెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది.