తిప్పి పంపిన ఆవకాయ జాడీ

తొమ్మిదేళ్ళుగా ఒక జాడీ నా గుండెల మీద కూర్చుంది. ఊరికే అనే మాట కాదు, నిజం జాడీయే. పైన గోధుమ రంగు, కింద తెలుపు, మూతికి ఉతికిన గుడ్డ కట్టిన పింగాణీ జాడీ. నిండా ఆవకాయతో ఉన్నదాన్ని మా తమ్ముడింటికి తిప్పి పంపాను. మా వైపు ఖాళీ జాడీని కూడా ఉత్తినే పంపరండి. అడుగున ఓ బెల్లం ముక్కో, గుప్పెడు బియ్యమో వేసి పంపుతారు. అలాంటిది నిండు జాడీని వెనక్కి పంపానంటే నేనెలాంటి మనిషినో మీరే అనుకోండి.

పేరు చెప్పను. భీమవరంలో మా వీధి వీధంతా నన్ను ఎరుగుదురు. నోరు కట్టుకున్న మనిషి అని నాకు పేరు. అదిగో, ఆ పేరు దగ్గరే వచ్చింది తంటా అంతా.

మా తమ్ముడిది రావులపాలెం అవతల పల్లె. వాడి భార్య మంగ. మంగ చేతి ఆవకాయ అంటే మా చుట్టాలందరికీ ప్రాణం. వేసవి వస్తే నాలుగిళ్ళకి తనే కలిపేది. ఇంటికి పెద్ద ఆడపడుచుని కాబట్టి మొదటి జాడీ నాది. అది హక్కు అనుకున్నానే గానీ, ఎర్రటి ఎండలో ఒకరి నడుం విరిగితే వచ్చిన జాడీ అని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆ ఏడాదే నాకు షుగరు బయటపడింది. తీపి మానేశానని అందరికీ చాటాను. పెళ్ళిళ్ళలో పూతరేకు పెడితే చెయ్యి అడ్డం పెట్టేదాన్ని, నలుగురూ చూసేలాగా. ఇంట్లో మాత్రం బీరువాలో పట్టుచీరల వెనక చాక్లెట్లు. షుగర్ ఫ్రీ చాక్లెట్లండి! చక్కెర లేదని డబ్బా మీద అంత లావు అక్షరాలతో రాసి ఉంటే ఇంక భయమేంటి? మధ్యాహ్నం కిందటేడు మంగ పంపిన ఆవకాయతో అన్నం తిని, మా ఆయన కునుకు తీయగానే నాలుగు, ఒక్కోనాడు ఆరు నోట్లో వేసుకునేదాన్ని. మూడయ్యేసరికి కడుపు డోలులా ఉబ్బేది. లోపల ఒకటే గుడగుడ. ఆ తర్వాత పరుగు. ఎక్కడికో చెప్పక్కర్లేదు కదా.

చాక్లెట్ల మీదికి నా అనుమానం ఎందుకు పోలేదు? ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. పోలేదా, పోనివ్వలేదా? తప్పు చాక్లెట్లదైతే తిన్నానని ఒప్పుకోవాలి. ఆవకాయదైతే మంగని అంటే సరిపోతుంది. మంగ తిరిగి అనదు. అదీ అసలు సంగతి.

ఆ వేసవి కొత్త జాడీ రాగానే తిప్పి పంపేశాను. అది చేరగానే మంగ ఫోన్ చేసింది.

"వదినా, ముక్క మెత్తబడిందా అండీ? ఉప్పేమైనా తగ్గిందా?"

"అవేం కాదు. నీ చెయ్యి నాకు పడట్లేదు మంగా. నీ చేత్తో కలిపింది తింటే చాలు, కడుపు పాడైపోతోంది."

"సరేనండీ" అంది. ఫోన్ పెట్టేసింది.

అంతే. పెద్ద ఆడపడుచు మాట కదా, నాలుగిళ్ళకీ పాకింది. మంగ చెయ్యి పడదట. మరుసటి వేసవి నుంచి మా తమ్ముడు పక్కింటావిణ్ణి పిలిచి కలిపించడం మొదలెట్టాడు. మంగ ఓ వార పీట వేసుకుని వెల్లుల్లి రెబ్బలు ఒలిచేది. ఆవపిండి దరిదాపులకి వచ్చేది కాదు. నేను కుర్చీలో కూర్చుని అదంతా చూశాను. చూసి, పక్కింటావిడ కలిపిన జాడీ పట్టుకుని ఇంటికి వచ్చాను.

జాడీ మారింది గానీ కడుపు మారలేదు. అప్పుడైనా బుద్ధి రావాలా, వద్దా? రాలేదు. నీళ్ళన్నాను, పాలన్నాను, వయసన్నాను. ఆఖరికి మా ఆయన బలవంతం మీద రాజమండ్రిలో కడుపు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన పరీక్షలన్నీ చూసి, తీపి మానేశారు సరే, దాని బదులు ఏం తింటున్నారమ్మా అని అడిగాడు. మా ఆయన్ని బయటికి పంపించి మరీ చెప్పాను. ఆయన నవ్వలేదు పాపం. చక్కెర బదులు వాటిలో మాల్టిటాల్, సార్బిటాల్ లాంటివి వేస్తారట. అవి కొందరి పేగులు సరిగ్గా పీల్చుకోలేవట. ఉబ్బరం, విరేచనాలు అందుకేనట. మానేసి చూడండి అన్నాడు.

మానేశాను. పది రోజులకి నా కడుపు బుద్ధిగా కూర్చుంది.

అప్పటి నుంచి అచ్చంగా చదువుకున్నదాన్నయ్యాను. డబ్బాల మీద లేనిదాన్ని లావుగా రాస్తారు, ఉన్నదాన్ని చీమ తలకాయంత రాస్తారు. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని బిస్కెట్లు, చూయింగ్ గమ్, చివరికి దగ్గు మందు సీసా కూడా వెనక్కి తిప్పి చదువుతాను. మందుల షాపాయన నన్ను చూడగానే సీసా తిప్పి చేతికిస్తాడు. ఎక్కడా మోసపోలేదు. అన్నీ చదివాను. మంగకి మాత్రం ఒక్క ఫోన్ చేయలేదు.

డాక్టరు గారు చెప్పింది ఆరేళ్ళ కిందటి మాట. తెలియక అన్నది మూడేళ్ళు. తెలిసీ ఊరుకున్నది ఆరేళ్ళు. మొదటిదానికి డాక్టరు గారు ఉన్నాడు సాక్ష్యం. రెండోదానికి ఏం చెప్పుకోను? చాక్లెట్లు దొంగచాటుగా తిన్నానని నలుగురూ నవ్వుతారని! ఆ నవ్వుకి భయపడి ఒక మనిషి చేతికున్న పేరుని ఆరేళ్ళు తొక్కి పెట్టాను. సిగ్గు లేకపోతే సరి.

ఈ వేసవిలో మా తమ్ముడింటికి కొత్త కోడలు వచ్చింది. ఆవకాయ రోజున బేసిన్‌లో ముక్కలు, పిండి, కారం, నూనె అన్నీ సిద్ధం. ఆ పిల్లకేం తెలుసు? "అత్తయ్యా, మీరు కలపరా?" అంది. మంగ వెల్లుల్లి మీంచి తలెత్తకుండా, "నా చెయ్యి పడదమ్మా" అంది. నిష్ఠూరంగా అనలేదండి. నాకు పొద్దున్నే కాఫీ పడదు అన్నంత మామూలుగా అంది. తను కూడా నమ్మేసింది.

లేచి నిలబడ్డాను. చెప్పేశాను. బీరువా, పట్టుచీరలు, రోజుకి నాలుగూ ఆరూ చాక్లెట్లు, రాజమండ్రి డాక్టరు, అన్నీ. "మంగ చేతికి ఏ దోషమూ లేదు, దోషం నా నోటిది" అన్నాను, పక్కింటావిడ కూడా వినేలాగా. మా తమ్ముడు "నువ్వా అక్కా!" అని నోరు తెరిచాడు. కొత్త కోడలు కిసుక్కున నవ్వింది. నవ్వనీ. ఇన్నేళ్ళు దేనికి భయపడ్డానో అది వచ్చేసింది, అయిపోయింది, నేను నిలబడే ఉన్నాను! అమ్మయ్య అని పైకే అన్నాను.

మంగ మాత్రం నవ్వలేదు. "తెలిసి ఆరేళ్ళయిందా, వదినా?" అంది.

"ఆరేళ్ళు" అన్నాను.

మంగ లేచింది. కుళాయి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది. తడి లేకుండా పొడి గుడ్డతో వేలు వేలూ తుడుచుకుంది. గాజులు పైకి తోసుకుని బేసిన్ ముందు కూర్చుంది. కొలత లేదు, గిద్దె లేదు. చేతులు మోచేతుల దాకా దింపి కలుపుతుంటే ఆ ఘాటుకి వాకిట్లో అందరికీ తుమ్ములే తుమ్ములు. పక్కింటావిడ వచ్చి పక్కన నిలబడి చూసింది. నాకు కళ్ళంట నీళ్ళు కారాయి. కారం వల్ల కాదు, సంతోషం వల్లే.

జాడీలకి ఎత్తాక బేసిన్‌లో వేడన్నం వేసి కలిపింది. మొదటి ముద్ద పెద్ద ఆడపడుచుది, మా ఇంటి మర్యాద. అలవాటుగా చెయ్యి చాచాను. మంగ ఆ ముద్ద తన నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలింది. "ఉప్పు సరిపోయింది" అంది. తర్వాత కోడలికి, తమ్ముడికి, పక్కింటావిడకి పెట్టింది. ఆఖరి ముద్ద నా చేతిలో పెట్టింది. తిన్నాను. వేళ్ళు కూడా నాకాను.

క్షమించానని మంగ అనలేదు. నేనూ అడగలేదు. నా జాడీ ఎప్పుడూ తమ్ముడే తెచ్చి బస్సులో పెట్టేవాడు. ఈసారి వద్దన్నాను. ఒళ్ళో పెట్టుకుని భీమవరం దాకా నేనే మోసుకొచ్చాను.