అరవై మూడో పేజీకే వెళ్ళిన ఫొటో

దెయ్యాలంటే నాకు నవ్వు. బెంగాలీల మధ్య, టికియాపారాలో రైలు పట్టాల పక్క ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, ఉలికిపాట్లు చిన్నప్పుడే పోయాయి. ఎవరైనా దెయ్యం కథ మొదలెడితే "ఆపండి బాబూ, అవతల పనుంది" అని లేచిపోయే రకాన్ని. కాబట్టి ఇది చదివి నాకు పిచ్చెక్కిందనుకోకండి. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

భవానీపూర్‌లో మిఠాయి కొట్టు పైన మా ఆఫీసు. నలుగురం. టైప్‌సెట్ చేసిన సాంకేతిక పుస్తకాలను బొమ్మలతో సహా వర్డ్ ఫైళ్ళుగా మారుస్తాం, ఆ పుస్తకాల వాళ్ళు తర్వాత సులువుగా దిద్దుకోవడానికి. అక్షరాలను ప్రోగ్రామే మార్చేస్తుంది. తలనొప్పంతా బొమ్మలతోనే. బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళు తూలిపడ్డట్టు ఎక్కడెక్కడికో పోతాయి. ఒక్కోదాన్నీ పట్టుకొచ్చి దాని చోట కూర్చోబెట్టాలి.

మా యజమాని మిత్రా దాదాది ఒకటే సూత్రం, మక్కీకి మక్కీ దించాలి. అసలు పుస్తకంలో తప్పుంటే మన ఫైల్లోనూ ఆ తప్పు ఉండాల్సిందే. "మనం మోసేవాళ్ళం, వండేవాళ్ళం కాదు" అంటాడు. నిజం చెప్పాలంటే, పదకొండేళ్ళుగా నేను మార్చిన పుస్తకాల్లో ఒక్కటీ చదవలేదు.

పోయిన వానాకాలం ముందు ఒక మురుగునీటి పంప్‌హౌస్ పుస్తకం వచ్చింది. కొత్తగా చేరేవాళ్ళకు దాన్ని చూపిస్తూ పని నేర్పుతారట. ఒకటో తారీఖున చేరబోయేవాళ్ళలో మా తమ్ముడు సింహాద్రి కూడా ఉన్నాడు. అది మా అయ్య పనిచేసిన చోటే. అయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ ఉద్యోగం కోసం వాడు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కి దిగాడో నాకు తెలుసు.

పుస్తకంలో ఇరవై మూడు బొమ్మలు. రెండో పేజీలో, ముందుమాట పక్కన, ఊరికే అందానికి పెట్టినట్టు ఒక పాత నలుపు తెలుపు ఫొటో ఉంది. ఒక స్విచ్చు పిడి, దానికి గమ్ఛా, అంటే తుండుగుడ్డ, కడుతున్న ఒక చెయ్యి. మనిషి మొహం పడలేదు.

ఆ ఫొటో రెండో పేజీలో నిలవలేదు. సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే అరవై మూడో పేజీలో ఉండేది. బొమ్మలు జరగడం మామూలే, కానీ రోజుకో చోటికి జరుగుతాయి. ఇది ప్రతిసారీ అరవై మూడుకే. ఫైలంతా మొదటి నుంచీ మళ్ళీ మార్చాను. పక్క సీటు శుభో కంప్యూటర్లో మార్చి చూశాను. అక్కడా అదే పేజీ.

"దీదీ, నీ మీద పగబట్టింది" అని నవ్వాడు శుభో. నాకు ఒళ్ళు మండి ఆ ఫొటోనే తీసిపారేశాను. ఇరవై రెండే మిగిలాయని లెక్కపెట్టుకుని మరీ ఫైలు వాడికి పంపాను.

వాడు తెరిచాడు. చేత్తో నన్ను రమ్మన్నాడు. పట్టపగలు, పదకొండున్నర. కింద కొట్లో జిలేబీ వేస్తున్న వాసన. అరవై మూడో పేజీలో ఫొటో ఉంది.

ఫొటోను పెద్దది చేశాను. ముంజేతి మీద మరక అనుకున్నది మరక కాదు, పచ్చబొట్టు. తెలుగు అక్షరాలు. పైడమ్మ.

మా అమ్మ పేరు. నేను బడిలో చదివింది హిందీ, బెంగాలీ. నాకు మొట్టమొదట వచ్చిన తెలుగు అక్షరాలు ఆ మూడే, అయ్య ఒళ్ళో కూర్చుని ఆ చేతి మీద వేలు పెట్టి దిద్దుకున్నవి. అయ్యను పనిలో ఎవరో ఫొటో తీశారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అప్పుడు ఆ పేజీ చదివాను. గోతిలోకి దిగి, చెత్తను ఆపే జాలీ శుభ్రం చేసే పద్ధతి. ఆరు, మూత తెరవాలి. ఏడు, నిచ్చెన మీద దిగాలి. పంపు ఆపమన్న మాటే లేదు.

అయ్యవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. దిగేవాడు ముందు స్విచ్చు ఆపి, తన గమ్ఛా ఆ పిడికి కడతాడు. పైకొచ్చాక తనే విప్పాలి. అది కట్టి ఉండగా ఎంత పెద్ద ఇంజనీరైనా ఆ పిడి ముట్టకూడదు. ఒకసారి గుడ్డ కట్టకుండా దిగిన మనిషి మళ్ళీ పైకి రాలేదని అయ్య అన్నం తింటూ చెప్పేవాడు.

దాదాకి చూపించాను. మన పని కాదన్నాడు. "మా తమ్ముడు దిగే గొయ్యి దాదా అది!" అని అరిచేశాను. ఆయన ఫొటో వంక, నా వంక చూసి, తనే ఫోన్ తీశాడు. పంప్‌హౌస్ ఇంజనీరు మేడమ్ బీరువాలోంచి పాత టైపు పుస్తకం తీయించింది. ఆరుకీ ఏడుకీ మధ్య ఇంకొకటి ఉంది, స్విచ్చు ఆపి గుడ్డ కట్టమని. దాని పక్కనే ఈ ఫొటో. టైప్‌సెట్ చేసినప్పుడు ఆ మాట రాలిపోయింది, ఫొటో ముందుకొచ్చి పడింది.

ఆవిడ పంపిన మాట చేర్చి ఫొటో అక్కడే పెట్టాను. ఇక కదల్లేదు.

వానలు ముదిరాక ఒక మధ్యాహ్నం సింహాద్రి ఫోన్ చేశాడు. మా ఇళ్ళలో అక్కను అప్పా అంటారు. "అప్పా, ఇందాక నాను గోతిలో ఉండగా కొత్తోడొకడు పంపు ఎయ్యడానికి సెయ్యెట్టబోయాడట. గమ్ఛా సూసి ఆగిపోనాడు."

అమ్మకు అంతా చెప్పాను. చేప తోముతున్న చెయ్యి ఆపకుండానే అంది, "ఇందులో ఇడ్డూరం ఏటి? మీ అయ్య బతికున్నప్పుడూ అంతే. సెప్పింది మనం ఇనీదాకా ఆ గుమ్మం కాడ్నించి కదిలీవోడా?" కళ్ళు మాత్రం తుడుచుకుంది.

కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్ళను అడిగాను. పాత కాపీ ఎక్కడో దాగి ఉండి పైకొచ్చి ఉంటుందన్నారు. ఉండొచ్చు. ఆ పేజీకే ఎందుకొచ్చిందంటే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ మధ్య ఒకరోజు ఆ ఫైలు తెరిచి, ఫొటోను మౌస్‌తో పట్టుకుని రెండో పేజీకి లాగాను. సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచాను. పెట్టినచోటే ఉంది, మిగతా బొమ్మల్లాగే. ఎంతసేపు చూసినా కదల్లేదు. అయ్య పోయినరోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నేనే దాన్ని తీసుకెళ్ళి అరవై మూడో పేజీలో పెట్టేశాను.