మడలోని ఎర్ర గుడ్డలు

“ఇవాళ్టితో మూడోసారి. పదింటికి రావలసిన టపా రెండింటికి తెస్తే పుస్తకంలో ఏమని రాయను? దారిలో నిద్రపోయాడని రాయనా?”

“ఏదన్నా రాయండి పంతులుగారూ, నిద్రపోయాడని మాత్రం రాయకండి. మడలో పడుకుంటే పీతలు ఊరుకుంటయ్యా.”

“హాస్యాలు తరవాత. ఇన్నేళ్ళ నుంచి లేని ఆలస్యం ఈ నెలలోనే ఎందుకొచ్చింది?”

“గుర్తులు లేవండి. నేను కట్టుకున్న గుడ్డల్లో ఒక్కటి మిగల్లేదు. అడుగు ఎక్కడెయ్యాలో తెలీక కర్రతో పొడుచుకుంటా వచ్చాను.”

“గుడ్డపేలికలు ఎవరెత్తుకుపోతారయ్యా? కోతులా?”

“మడలో కోతులెక్కడియ్యండి. ఉన్నా కొరుకుతయ్యి గానీ ముడి విప్పవు. ఇయ్యి విప్పుకుపోయినయ్యి.”

ఈ మాటలు మా అరుగు మీద జరుగుతుంటే నేను తలుపు ఇవతల నడవలో కూర్చుని బొంత కుడుతున్నాను. ఆ గుడ్డలు నా ఒళ్ళోనే ఉన్నాయి.

మాది దివిసీమలో, హంసలదీవికి ఇవతల, సముద్రపు గాలి రాత్రీపగలూ వీచే ఊరు. రెండో యుద్ధానికి ఇంకా కొన్నేళ్ళు ఉంది. మావారు బడిపంతులు. బడితో పాటు ఊరి పోస్టాఫీసు పని కూడా ఆయనకే అప్పగించారు. ఆఫీసంటే మా అరుగు, ఒక బల్ల, ఒక తాళం పెట్టె. పెద్ద పోస్టాఫీసు నుంచి సంచి భుజాన వేసుకుని పరుగున తెచ్చే మనిషిని కాగితాల్లో రన్నరు అని రాసేవారు. మా ఊళ్ళో అందరూ టపా తాత అనేవారు. అప్పటికి అతనికి యాభై దాటి ఉంటాయి. పల్లెపాలెం మనిషి. బరిసెకి గజ్జెలు కట్టుకుని పరిగెత్తేవాడు. మడ చెట్ల వెనక ఆ చప్పుడు వినపడితే నేను బియ్యం ఎసట్లో పోసేదాన్ని.

సంచి మా ఊరు చేరడానికి రెండు దారులుండేవి. కరకట్ట మీద చుట్టూ తిరిగి రావడం ఒకటి. సర్కారు వారి మడ అడవిలోంచి అడ్డంగా రావడం రెండోది. అడ్డదారిన వస్తేనే పదింటికి అందుతుంది. ఆ వేళ నిర్ణయించిన దొర ఎవరో గానీ, నీళ్ళు నిండుగా ఉన్న రోజున, గొడుగు పట్టించుకుని, పడవలో కూర్చుని నిర్ణయించి ఉంటాడు. మడలో రోజూ పోటు వస్తుంది, పాటు వస్తుంది. నిన్నటి అడుగుజాడ ఇవాళ ఉండదు. పైకి ఒకేలా కనపడే బురదలో ఒకచోట మడమ దిగుతుంది, పక్కనే జానెడు దూరంలో మొల దాకా దిగుతుంది. అందుకని అతను ఏటా వరదలు తీశాక ఒక్కొక్క అడుగే చూసుకుంటూ వెళ్ళి, గట్టి నేల ఉన్నచోట కొమ్మకు గుడ్డ కట్టుకునేవాడు. గుడ్డ కొమ్మకు ఏ పక్క వేలాడితే ఆ పక్కన అడుగెయ్యాలి. అతని బావమరిది పెడనలో అద్దకం పనిచేసేవాడు. రంగు పట్టిందో లేదో చూడడానికి అద్ది పక్కన పడేసిన ఎర్ర ముక్కలు అక్కణ్ణుంచి తెచ్చుకునేవాడు. ఉప్పునీళ్ళలో నానినా ఆ ఎరుపు వెలిసేది కాదు.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. కానీ తెలియక చేశానని రాస్తే అబద్ధం రాసినట్టే.

నేను మూడో తరగతితో చదువు మానిన దాన్ని. పొదుపు మాత్రం బాగా నేర్చుకున్నాను. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు గీసుకున్న ఇల్లు మాది. పంతులుగారి భార్య అడవిలో పుల్లలేరుతుందేమిటని నలుగురూ అనుకున్నా నేను లెక్కచేసేదాన్ని కాదు. ఎండుపుల్లలకు అడవి గార్డు అడ్డు చెప్పేవాడు కాదు. అప్పుడు నాకు ఐదో నెల. పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టాలి, ఇంట్లో మెత్తని గుడ్డ లేదు. ఒకరోజు పుల్లలకు వెళ్తే మడ కొమ్మకు ఎర్రగుడ్డ కనపడింది. అక్కణ్ణుంచి చూస్తే ఇంకోటి. దాని దగ్గర నుంచి చూస్తే మరోటి. అలా చూసుకుంటూ లోపలికి చాలా దూరం వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాను. ఒక్కొక్క దానికి రెండేసి ముడులు. తడికి బిగిసిపోయి ఉంటే పంటితో లాగాను. గాలికి ఎగిరొచ్చిన గుడ్డకు రెండు ముడులుండవు. ఆ మాట నాకు అప్పుడే తట్టింది. తట్టినా తోసేశాను. పోనూ రానూ నా కాలు మడమ దాటి దిగలేదు. ఎందుకు దిగలేదని మాత్రం ఆలోచించలేదు.

ఆ రోజు అరుగు మీద మాట మాట పెరుగుతుండగా మావారు లోపలికి కేకేశారు.

“ఏమే, పుల్లలకు వెళ్తుంటావుగా. చెట్లకు గుడ్డలేమన్నా చూశావా?”

“నేను పుల్లలు చూసుకోనా, గుడ్డలు చూసుకోనా?” అన్నాను.

నా నోరు ఊళ్ళో అందరికీ తెలుసు కనక అది ఎప్పటి జవాబులాగే వినపడింది. బయట అతను చిన్నగా నవ్వాడు.

“అమ్మగారు అంత లోపలికి ఎట్టా వస్తారులెండి. ఒట్టి మనిషి కూడా కాదు.” తరవాత గుమ్మం దగ్గరికి వచ్చి, తలుపుకు దూరంగా నిలబడి అడిగాడు. “అమ్మగారూ, పాత గుడ్డలేమన్నా ఉంటే ఇప్పించండి. పెడన నుంచి ముక్కలు వచ్చే లోపల అయ్యన్నా కట్టుకుంటాను.”

“మా ఇంట్లో పాత గుడ్డలు మిగలవు.”

“అంతేలెండి, మీ ఇంట్లో ఎట్టా మిగులుతయ్యి,” అన్నాడు. దెప్పుదామని అనలేదు. నన్ను మెచ్చుకున్నాడు. అతను వెళ్ళాక ఎంతసేపటికీ సూదిలోకి దారం ఎక్కలేదు.

మావారు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాశారు. మూడు ఆలస్యాలయితే పైవాళ్ళకు తెలపాలని నియమం, తెలిపారు. నాలుగు రోజుల్లో బందరు నుంచి టపా తనిఖీ చేసే ఓవర్సీరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ రోజు కూడా వేళకు రాకపోతే పని తీసేస్తారని మావారు టపా తాతకు చెప్పారు. “వస్తానండి,” అన్నాడు అతను. తాటాకు ముక్కలు కోసుకుని గుర్తులు కట్టాడు. పోటు వచ్చి వాటిని ఎత్తుకుపోయింది.

ఆ నాలుగు రోజుల్లో ఒక మధ్యాహ్నం మావారు బడికి వెళ్ళాక బొంత విప్పాను. ఎర్రముక్కలన్నీ ఊడదీసి చెంగులో మూటగట్టుకుని మడ దాకా వెళ్ళాను. ఎవరికీ చెప్పకుండా కట్టేసి వచ్చేద్దామని. మొదటి కొమ్మ గుర్తుపట్టాను. రెండోది ఇదా అదా అనిపించింది. మూడోది అసలు తెలియలేదు. గుడ్డ ఏ పక్కకు వేలాడిందో ఒక్కదానికీ గుర్తులేదు. తప్పు కొమ్మకు కట్టానంటే దాన్ని నమ్మి అడుగేసే మనిషి మొల లోతుకు దిగుతాడు. గుర్తు లేకపోతే కర్రతో పొడుచుకునైనా వస్తాడు. కట్టిన ఒక్కటీ కూడా విప్పేశాను. ఇక మిగిలింది అతని ఇంటికి వెళ్ళి మూట చేతికిచ్చి చెప్పడం ఒక్కటే. అతనైతే చీకటి పడేలోపే అన్నీ కట్టుకునేవాడు. పల్లెపాలెం మా ఊరికి పిలిస్తే పలికే దూరం. నేను మూట తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ఓవర్సీరు వచ్చినరోజు మా అరుగు మీద కుర్చీ వేయించుకుని, చేతిలో గడియారం పెట్టుకుని కూర్చున్నాడు. పది దాటింది. పదకొండు దాటింది. పన్నెండవుతుండగా గజ్జెల చప్పుడు వినపడింది, పరుగున వచ్చే చప్పుడు కాదు. అతను రొమ్ము దాకా బురదతో వచ్చాడు. కుడిపాదం ఆలిచిప్పకు తెగి నెత్తురు కారుతోంది. ఊబిలో దిగబడుతుంటే ముందు సంచిని కొమ్మకు తగిలించి, తరవాత తను మడ చెట్ల వేళ్ళు పట్టుకుని పైకొచ్చాడట. సంచి మీద తడి చుక్క కూడా లేదు.

“వయసైపోయింది నీకు,” అన్నాడు ఓవర్సీరు.

“వయసు కాదండి, గుర్తులు పోయినయ్యి.”

“గుడ్డలు కట్టుకోమని సర్కారు చెప్పిందా? దారి బుర్రలో ఉండాలి.”

మావారు కల్పించుకున్నారు. “చాలాకాలం నుంచి చేస్తున్నాడండి. ఒక్క ఉత్తరం పోలేదు. ఎవరో కావాలని తీసినట్టున్నారు.”

“ఎవరు తీశారో చూపించండి, చూద్దాం.”

నేను తలుపు వెనకే ఉన్నాను. పక్కనే గూట్లో మూట ఉంది. పరాయి మగవాళ్ళ ముందుకు రాకూడదని మా అత్తగారు నేర్పిన మర్యాద ఒకటుంది. ఆ రోజు దాని వెనక దాక్కున్నాను. అంతకుముందు చేపలవాళ్ళతో, గార్డుతో ఎన్నిసార్లు పోట్లాడానో, అప్పుడు ఏ మర్యాదా నాకు అడ్డురాలేదు. టపా తాత సర్కారు ఇచ్చిన నడుము పట్టా విప్పి బల్ల మీద పెట్టాడు. మంచినీళ్ళు అడిగాడు. చెంబుతో తెచ్చి గుమ్మంలో పెట్టాను. తాగి, “చల్లగా ఉన్నాయమ్మగారూ,” అని వెళ్ళిపోయాడు.

దీపం పెట్టే వేళకు మావారితో చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో అనేదాన్ని, అంతటితో పోయేది.

“ఓవర్సీరు సత్రంలోనే ఉన్నాడు. పొద్దున పడవకు ముందు వెళ్ళి చెబుదాం,” అన్నారు.

“మీరే చెప్పండి. నా మాట ఎత్తకండి.”

“ఎత్తకుండా ఎట్లా చెప్పను? ఎవరు తీశారంటే ఏమనను?”

“పుల్లలకు వచ్చిన ఆడవాళ్ళెవరో అనండి.”

“ఎవరో అంటే ఆయన వినడు. నువ్వు ముందుకు రానక్కర్లేదు, నా వెనక నిలబడి అవునంటే చాలు. లేకపోతే నీ పేరు చెప్పమని నాతో అను, నేనే చెబుతాను. నువ్వు ఒప్పుకోకుండా నేను చెప్పను.”

నేను లేచి కంచం పెట్టాను.

మరునాడు పొద్దున ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. రెండుసార్లు దగ్గారు. నేను పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. పడవ వెళ్ళే వేళ దాటింది. ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, కండువా వేసుకుని బడికి వెళ్ళారు. ఒంటిగంటకు కొత్త మనిషి సంచి తెచ్చాడు, కరకట్ట మీది నుంచి. ఇక మీదట టపా ఒంటిగంటకే వస్తుందని, ఓవర్సీరు వేళ మార్చి రాసిచ్చాడని మావారికి కాగితం చూపించాడు.